తెర మీద పిట్టకు ఆకలి

నాగర్‌కర్నూలులో మా తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడల్లా నా మేనకోడలు స్ఫూర్తి నాతో ఏదో ఒక తగవు పెట్టుకోకుండా ఉండదు. పెట్టుకోకపోతే నేనే పెట్టుకుంటాను. మొన్న నేను వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఫోను తెచ్చి నా ముఖానికి అడ్డం పెట్టింది. "అత్తా, గిది చూడు. మాకు క్లాసుల చెప్పిన పోయెమ్‌ను పట్టుకొని ఎవరో ఎన్కటి కాలంల కార్టూన్ జేసిండ్రు. ఏడిపించే పద్యాన్ని నవ్వులాట జేసిండ్రు. తప్పు గాదా?" అంది. తప్పో ఒప్పో చూడకుండా ఎట్లా చెప్తానే అని నేను కళ్లజోడు వెతుక్కున్నాను.

ఆ పద్యం నాకు తెలుసు. వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు మాకూ పాఠంగా ఉండేది. చచ్చిపోయిన ప్రియురాలిని తలుచుకుని కుమిలిపోతున్న ఒక మనిషి, అర్ధరాత్రి తలుపు తట్టి లోపలికొచ్చిన ఒక నల్లపక్షి, ఆయన ఏమడిగినా అది పలికే ఒకే ఒక్క ఆశలేని మాట. చీకటి, గాలి, భయం, దుఃఖం కలిపి నూరిన పద్యం. మా సారు చదువుతుంటే ముందు బెంచీల ఆడపిల్లలు కళ్లు తుడుచుకునేవాళ్లు. నేను లేచి, "సార్, ఆయన ఆ పక్షిని అన్ని ప్రశ్నలడిగిండు గదా, ఇంత తింటవా అని ఒక్కసారన్న అడిగిండా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు నన్ను కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. ఎగతాళికి అడిగిన ప్రశ్న కాదది. కానీ ఎందుకడిగానో ఆ రోజు చెప్పడం చేతకాలేదు.

ఫోనులో బొమ్మలు కదలడం మొదలుపెట్టాయి. వంకర కిటికీల పెద్ద మేడ, బయట ఈదురుగాలి, లోపల పటం ముందు కూర్చుని బకెట్టు నిండా కన్నీళ్లు కారుస్తున్న ముసలి దొర. ఎక్కడో చూసినట్టుంది, చూడనట్టూ ఉంది. కలలో మన ఇల్లే కనబడి తలుపులు మాత్రం వేరే గోడకు ఉన్నట్టు, అంతా అటుదిటుగా తోచింది. కాసేపటికి తలుపు చప్పుడైంది. దొర ఉరికి వెళ్లి తలుపు తీశాడు. నల్లటి పిట్ట, మెడలో నలిగిన రుమాలుతో, ఎవరి అనుమతీ లేకుండా లోపలికి నడిచి వచ్చి వంటింటి వైపు తిరిగింది. నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. "ఇది తప్పు దిక్కు నుంచి వస్తుందే" అన్నాను. "తప్పు దిక్కేంది అత్తా?" అంది స్ఫూర్తి. పిల్లకు ఏమని చెప్పను? నేను ఆ పిట్టను చిన్నప్పుడు వెనుక నుంచి చూశాను.

ఉప్పునుంతలకు కొంత ఎడంగా, ఎర్రచెలకల మధ్యన ఉండేది మా ఊరు. మట్టిమిద్దె ఇల్లు. మిద్దె మీద ఎండబోసిన పల్లికాయ వాసన, కొట్టంలోంచి వచ్చే పేడ వాసన, పొయ్యిలో కాలే ఆముదపు కట్టె వాసన, ఈ మూడూ కలిసి మా ఇంటి వాసన. కళ్లు మూసి ఎక్కడ కూర్చోబెట్టినా ఆ వాసన తగిలితే ఇంటికొచ్చాననుకునేదాన్ని. మేము లేచేసరికే పెద్దమ్మ రొట్టెలు కొడుతుండేది. జొన్నరొట్టె చప్పుడు ఒక్కో చేతిది ఒక్కో తీరు. మా అమ్మది ఎవరినో కోపంతో కొడుతున్నట్టు దబదబమని. పెద్దమ్మది మాత్రం పసిపిల్లను జోకొట్టినట్టు ఉండేది. ఆ చప్పుడుకు మెలకువ వచ్చి, ఆ చప్పుడుకే మళ్లీ నిద్ర పట్టేది నాకు. పెద్దమ్మ అంటే మా నాయన అన్న భార్య. పుట్టిల్లు లింగాల. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఆమెను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. ముద్దొచ్చినా కోపమొచ్చినా "లింగాలదానా" అనే పిలిచేది. పెద్దమ్మ కూడా తక్కువది కాదు. "లింగాలలో మస్తుమంది ఉన్నరత్తా, ఎవరిని పిలుస్తున్నవ్?" అనేది. నా నోరు ఎవరిదని అందరూ అడుగుతుంటారు. ఒక్కరిది కాదు, ఆ ఇద్దరి మధ్యన పెరిగిన నోరు ఇది.

మా పెద్దనాయన మాటలు తక్కువ, పని ఎక్కువ మనిషి. ఎవరు పిలిచినా నాగలి కట్టేవాడు. ఆ ఏడు వాన కురిసి నేల పదునెక్కగానే వేరేవాళ్ల చేనుకు ముందు పోయాడని అవ్వకు కోపం. ఒక పొద్దున ఆయన తలె ముందు, అంటే కంచం ముందు, కూర్చుని మొదటి ముద్ద కలుపుకుంటుండగా అవ్వ అందుకుంది. "ఊరోళ్ల చేన్లకు ఉరుకుతవ్, మన చెలక ఎండుతుంటే కండ్లు గనబడయ్. కూడు మాత్రం యాళ్లకు గావాలె" అంది. రోజూ అనే మాటే. రోజూ ఆయన తలొంచుకుని తినేసి పోయేవాడు. ఆ రోజు ఎందుకో తలెలో చెయ్యి కడిగేసి లేచిపోయాడు. చెలకలోనే గుండె ఆగిపోయింది. ఎడ్ల వెనుక నడిచి కాకుండా మనుషుల భుజాల మీద ఇంటికొచ్చాడు. ఆ తలె ముచ్చట ఇంట్లో ఆడవాళ్లకు తెలుసు. పొయ్యి పక్కన ముసుగుతన్ని పడుకున్న నాకూ తెలుసు. ఎవరూ నోరు తెరవలేదు.

మా వైపు మూడో నాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్లు పిట్టై వచ్చి తింటారని నమ్మకం. వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి కూర్చుంటారు. పిట్ట ముట్టిందా, పోయినవాళ్లు తృప్తిగా పోయారని అర్థం. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు పెద్దలు ఒక్కో మాట ఇచ్చుకుంటూ పిలుస్తారు. పెద్దనాయన విస్తరిలో పెద్దమ్మ చేతి రొట్టెలు, పుంటికూర, ఆయన తాగే బీడీకట్ట, ఒక సీసాలో కల్లు పెట్టారు. కాకులు తుమ్మచెట్టు మీద వరుసగా కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. "నీ బాయి తవ్విస్తం, రా మల్లయ్యా" అన్నారొకరు. "నీ ఎడ్లను అమ్మం, రా" అన్నారు ఇంకొకరు. "నీ ఇంటిదాన్ని మంచిగ చూసుకుంటం" అన్నాడు మా నాయన ఏడుస్తూ. కాకులు అటు చూసి ఇటు చూసి ఎగిరిపోయాయి. ఎండ నడినెత్తికొచ్చింది. ఇవ్వాల్సిన మాట ఒకటి ఉంది. అది ఇవ్వాల్సిన అవ్వ పెదవులు బిగించుకుని నేల చూస్తూ కూర్చుంది. చివరికి ఆ అన్నం ఆవుకు పెట్టి, స్నానాలు చేసి ఇంటికొచ్చాం.

ఆ సాయంత్రం పెద్దమ్మ తలె తెచ్చి ముందు పెడితే అవ్వ కాలితో పక్కకు జరిపింది. "నా కొడుకే ముట్టలే నీ చేతి కూడు. నేను ముట్టాల్నా?" అంది.

అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. అవ్వకు అమ్మ వండేది, తక్కినవాళ్లకు పెద్దమ్మ. ఊళ్లో మాట ఊరికే ఉంటుందా? బావి దగ్గర, బట్టలుతికే బండ దగ్గర "పిట్ట ముట్టని చెయ్యి" అన్నారు పెద్దమ్మను. పేరంటాలకు పిండివంటలు చేయమని ఆమెనే పిలిచే ఊరు, ఆమె అటువైపు వస్తుంటే చాట ఎత్తి పక్కన పెట్టుకునేది. పిల్లలు కలగని మనిషి. ఆ ఊళ్లో ఆమెకున్న పరువంతా ఆ చేతిదే. లింగాల నుంచి వాళ్ల అన్న బండి కట్టుకుని వచ్చాడు. "నడువు చెల్లె. గింత మాటలు పడుకుంట ఈడ ఎందుకుంటవ్?" అన్నాడు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చెప్పిన మాట నాకు నిన్న విన్నట్టే ఉంది. "పోత అన్నా. గని గీ పేరు నెత్తిన వెట్టుకొని ఆ ఊర్లె ఎట్ల దిగాలె? ముసల్ది నా చేతితోటి తిన్ననాడు, ఉండబుద్ధయితే ఉంట, పోబుద్ధయితే పోత." బండి ఖాళీగా వెళ్లిపోయింది. అవ్వ గోడకు ఆనుకుని అంతా విన్నది. విననట్టు దూదివత్తులు చేసుకుంది. తలె నుంచి ఎవరు లేపారో ఒక్క మాట అంటే పెద్దమ్మ మీది నింద దిగిపోయేది. అననూ లేదు, మా అమ్మను అననివ్వనూ లేదు.

పల్లికాయ పీకిన తర్వాతి రోజుల్లో సినిమా బండి వచ్చింది. సర్కారు ప్రచారం కోసం ఊరూరా తిరిగే బండి. బండితో వచ్చే బాలప్పది గద్వాల అవతల, తుంగభద్ర దాటితే కన్నడమే అన్న ఊరు. మైకు చేతికొస్తే ఆయన తెలుగులోకి అవతలి మాటలు కూడా చొరబడేవి. మైల ఉన్న ఇంటివాళ్లు ఏడాది తిరిగేదాకా ఆటలకు, పాటలకు పోకూడదు. కానీ బాలప్ప మా వాకిట్లోంచి పోతూ, "ఇది సిన్మా గాదు తల్లులారా, ఆరోగ్యం ముచ్చట! అవ్వలు, అక్కలు అందరు రావాలె, నోడ్రి, సూడుండ్రి, తప్పక నోడాలె!" అని అరిచాడు. అవ్వ ఆయనను నిలబెట్టి కాసేపు కొట్లాడింది. "ఆరోగ్యమైతే పోవొచ్చు" అని తేల్చింది. ఆమెకు ఏ చట్టంలోనైనా సందు దొరికేది. ఆ విద్య కూడా నాకు ఆమె నుంచే వచ్చింది.

బడి ముందర రెండు గుంజలకు తెల్లబట్ట కట్టారు. ముందువైపు మగవాళ్లు, పిల్లలు నిండిపోయారు. ఆలస్యంగా వెళ్లిన ఆడవాళ్లం తెర వెనుక కూర్చున్నాం. వెనుక నుంచి చూసినా బొమ్మ కనబడుతుంది, ఎడమ కుడి మారుతుంది, అంతే. గోనెసంచి మీద అవ్వ, కాస్త దూరంగా పెద్దమ్మ, ఇద్దరి మధ్యలో నేను. కోసిన చేన్ల మీదుగా చల్లగాలి వస్తోంది. బట్ట గాలికి ఉబ్బినప్పుడల్లా బొమ్మల పొట్టలు ఉబ్బేవి. ఆరోగ్యం ముచ్చటకు ముందు జనాన్ని కుదురుగా కూర్చోబెట్టడానికి బాలప్ప ఒక బొమ్మల రీలు వేశాడు. ఏ దేశంలో గీసిన బొమ్మలో, ఎవరి డబ్బాలోంచి తప్పిపోయి మా ఎర్రచెలకల దాకా వచ్చాయో ఆయనకూ తెలియదు. అందులో మాట్లాడేది ఇంగ్లీషు. ఆ శబ్దం తగ్గించి, కథంతా తనే చెప్పేవాడు.

"ఇగో, పెద్ద దొర. దొరసాని సచ్చిపోయింది. అన్నం తింటలేడు, నీళ్లు తాగుతలేడు, ఫోటువ వట్టుకొని ఒకటే ఏడుస్తుండు. అరె, ఎవరో దర్వాజ కొడుతుండ్రు! దొరసానే వచ్చిందేమోనని ఉరికిండు దొర. తీసిండు. ఎవరూ? కాకి!"

అవతలివైపు నవ్వులు. ఆ పిట్ట నేరుగా వంటింట్లోకి పోయింది. దొర ఒకసారి నిట్టూర్చేసరికి రొట్టె మాయం, ఇంకోసారి నిట్టూర్చేసరికి గిన్నె మాయం. దొర తన దుఃఖం గురించి ఏదో అడుగుతాడు, అది నమిలి మింగుతుంది. "ఓ బాలప్పా, ఏమంటుంది ఆ కాకి?" అని ఎవరో అరిచారు. "నోట్ల కూడున్నది, ఏమంటదిరా?" అన్నాడు బాలప్ప. ఇంకా నవ్వులు. పక్కకు చూస్తే అవ్వ గోనెసంచి మీద లేదు. లేచి, బట్టకు దగ్గరగా పోయి నిలబడింది. బట్టలోంచి వచ్చిన వెలుగు ఆమె ముఖం మీద పడుతోంది. ఆ తెలుపు మీద నల్లరెక్కలు ఆడుతున్నాయి. ఆమె చెయ్యెత్తి పిట్టను తాకినంత పని చేసింది.

"ఏం గావాలె కొడుకా నీకు?" అంది. గట్టిగానే అంది. "ఏం తక్కువ జేసినమని అలిగినవ్? చెప్పు."

తెర అవతల ఉన్న బాలప్పకు ఆమె కనబడదు. చీకట్లోంచి వచ్చిన ఒక ముసలి గొంతు మాత్రమే వినబడింది. ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాడో ఏమో, ముక్కు మూసుకుని, గొంతు కీచుగా చేసి, పిట్టలాగా జవాబిచ్చాడు. "ఏమొద్దవ్వా. ఆకలైంది. ఇంత పెట్టు, తిని పోత."

అవతల అందరూ పడి పడి నవ్వారు. ఇవతల ఒక్కరూ నవ్వలేదు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఆడవాళ్లంతా అవ్వనే చూస్తున్నారు. పిట్ట గిన్నెలో తల పెట్టి తింటూనే ఉంది. అది తింటున్నంతసేపూ అవ్వ నిలబడే ఉంది. తర్వాత తిరిగి, ఎవరినీ చూడకుండా, ఆరోగ్యం ముచ్చట మొదలు కాకముందే ఇంటి దారి పట్టింది. కొంచెం ఆగి పెద్దమ్మ లేచింది. నేను పెద్దమ్మ కొంగు పట్టుకున్నాను. ముగ్గురం ఒకరి వెనుక ఒకరం నడిచాం. వెనుక నుంచి మైకు గొంతు వినబడుతూ, పలచబడుతూ, చివరికి చిమ్మెటల చప్పుడులో కలిసిపోయింది.

అవ్వ పోయి తన పొయ్యి దగ్గర కాదు, పెద్దమ్మ పొయ్యి దగ్గర కూర్చుంది. "పెట్టు" అంది.

"సల్లగున్నయ్. ఎచ్చ జేస్త, ఆగు" అంది పెద్దమ్మ.

"ఆగ. పెట్టు."

పెద్దమ్మ తలెలో రొట్టె, పుంటికూర పెట్టింది. అవ్వ మొదటి ముక్క తుంచి, లేచి వెళ్లి పిట్టగోడ మీద పెట్టి వచ్చింది. రెండోది నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. దీపం వెలుగులో ఆమె దవడలు కదలడమే కనబడుతోంది. "ఆ పొద్దు వాడు తలె ముందటికెల్లి లేసిండు. నేనే..." అంది.

"తిను అత్తా" అంది పెద్దమ్మ. ఆ మాటను అక్కడే ఆపేసింది. ఇంకో రొట్టె తలెలో వేసింది.

మర్నాడు పొద్దున బావి దగ్గర అవ్వే అందరికీ చెప్పింది, తన కోడలి చేతి రొట్టె తిన్నానని, తన కొడుకూ తిన్నాడని. ఆమె చెప్పిందంటే ఊళ్లో ఎదురుచెప్పే నోరు లేదు. చాటలు పక్కకు జరగడం ఆగిపోయింది. లింగాల బండి ఇంకోసారి వచ్చింది. వాళ్లన్న రెండు రోజులుండి, చెల్లెలి చేతి వంట తిని, ఒక్కడే వెళ్లిపోయాడు. అవ్వ పోయేదాకా పెద్దమ్మ ఆమెతోనే ఉంది, పూటకొక తగవుతో.

ఇదంతా మొన్న వంటింట్లో స్ఫూర్తికి చెప్పాను. ఆ పిల్ల ఊరుకుంటుందా? "అంటే పాపం ముసలామెను ఆ మైకాయన మోసం చేసినట్టే గదా అత్తా" అంది. రీలు మళ్లీ మొదటి నుంచి పెట్టి, బాలప్ప జవాబిచ్చిన చోట ఆపి చూశాం. అక్కడ పిట్ట మాటే అనదు. ఊరికే నములుతుంటుంది. కింద అక్షరాల్లో కూడా ఏమీ రాదు. నాకు ఆ పిల్లతో వాదించాలనిపించలేదు, అది నాకు అరుదు. స్ఫూర్తి ఈ బొమ్మను చెవుల్లో తీగలు పెట్టుకుని ఒక్కతే చూసిందట. నవ్విందో లేదో పక్కనున్నవాళ్లకు తెలియదు. ఇంగ్లీషు అర్థమవుతుంది, పద్యం కంఠతా వచ్చు, ఏది ఎగతాళో ఏది అసలో విడదీయగలదు. మాకు అవేవీ లేవు. కానీ మా తెరకు వెనుక కూడా ఒక వైపు ఉండేది. అక్కడ కూర్చున్నవాళ్లు లేచి బొమ్మను నిలదీయవచ్చు, అవతలి నుంచి ఎవరో ఒకరు పలుకుతారు. ఈ ఫోనును తిప్పి చూస్తే చల్లటి గాజుపలక తప్ప ఏముంది? పాత రోజులే గొప్పవని నేను అనను. ఒక కాకి దిగలేదని ఒక ఆడమనిషి చేతిని వెలివేసిన రోజులవి, వాటికి దండం. మా అవ్వ అమాయకత్వం మాత్రం ఎంత అందమైనదో అని, కాలేజీ రోజుల నుంచి ఎవరికి ఈ కథ చెప్పినా చివర అదే మాట అంటూ వచ్చాను. మొన్న కూడా అన్నాను. "అమాయకురాలే మా అవ్వ. బొమ్మ నిజంగా మాట్లాడిందనుకుంది."

పెద్దమ్మ ఇప్పుడు మా తమ్ముడి దగ్గరే ఉంటుంది. వంటింటి గడప అవతల మంచం మీద పడుకుని, నిద్రపోతోందనుకున్న మనిషి నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"ఎవరే అమాయకురాలు? మీ అవ్వనా?" అంది. "బాలప్ప గొంతని ఆమెకు తెల్వదనుకున్నవా? పొద్దుగాల వాకిట్ల ఆ గొంతుతోటి కొట్లాడి చాయ తాపిచ్చింది గాదా వానికి."

"మరి ఎందుకడిగింది పెద్దమ్మా కాకిని?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది.

"నన్నడగనీకె ఆమెకు నోరు రాలే. నాకు ముందుగాల పిలువనీకె మనసు రాలే. ఇద్దరం మొండోళ్లమే బిడ్డా. ఎవరు మాట్లాడుతరా అని గోడకొకరం గూసున్నం గన్ని దినాలు." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఆమె లేసి నిలవడి అడిగింది కాకినా? నాకు వీపు జేసి నన్నే అడిగింది. అందుకే ఎన్కనే లేసి వచ్చిన."

స్ఫూర్తి లేచింది. ఫోను తీసుకెళ్లి మంచం పక్కన కూర్చుని, తెర పెద్దమ్మ కళ్లకు దగ్గరగా పెట్టింది. పెద్దమ్మ మెడ ముందుకు చాచి చూసింది. పిట్ట గిన్నెలో తల పెట్టి తింటోంది.

"తిననియ్యి, ఆపకు" అంది పెద్దమ్మ.